తూగే పిల్లను తొలిరోజే గుర్తిద్దాం, టీకాను వాడ దాకా రప్పిద్దాం

నెల్లూరు జిల్లా అనగానే పెన్నా కాలువలు, వరి మడులు గుర్తొస్తాయి. జిల్లాకు పడమటన ఉన్న దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల బతుకు వేరు. ఇది మెట్ట. వాన పడితే పంట, పడకపోతే వలస. ఇక్కడి దళితవాడల్లో సెంటు పొలం లేని ఇళ్లున్నాయి, పాడి గేదె లేని ఇళ్లున్నాయి. నాలుగు కోళ్లు లేని ఇల్లు మాత్రం అరుదు. గేదె కావాలంటే అప్పు కావాలి, దాన్ని మేపాలంటే గడ్డి కావాలి, గడ్డికి పొలం కావాలి. కోడికి గుప్పెడు నూకలు, కాస్త వాకిలి చాలు. భూమి లేనివాళ్ల పశుసంపద కోడే.

ఆ సంపద ఆడవాళ్ల చేతుల్లో ఉంటుంది. బిడ్డకు జ్వరమొచ్చి రాత్రికి రాత్రి ఆటో మాట్లాడాలన్నా, బడికి పోయే పిల్లకు నోటు పుస్తకాలు కొనాలన్నా, చుట్టం వస్తే కూర వండాలన్నా మొదట కోళ్ల గంప వైపే చూస్తారు. అలాంటి ఇంట్లో తల్లికోడి పది పిల్లల్ని లేపితే, రెండు నెలలు తిరిగేసరికి రెండో మూడో మిగలడం మామూలైపోయింది. కొన్నింటిని గద్ద, పిల్లి, ముంగిస ఎత్తుకుపోతాయి. చాలావాటిని తీసుకుపోయేది జబ్బే. ‘తెగులు తగిలింది, పోయాయి’ అని ఒక మాట అనుకొని మళ్లీ గుడ్లు పొదగేస్తారు. ఇదేదో రాత అన్నట్టు ఊరుకుంటారు.

ఇది రాత కాదు. పిల్లల్ని చంపే జబ్బుల్లో కొన్నింటిని తొలిరోజే కనిపెడితే ఇంట్లోనే బతికించుకోవచ్చు. మరికొన్నింటికి ఏ మందూ లేదు, ముందే వేయించే టీకా ఒక్కటే దారి. ఏది ఏ రకమో తెలుసుకోవడం మన పని. టీకాను వాడ దాకా తేవడం ప్రభుత్వ పని. ఈ వ్యాసంలో ఆ రెండింటినీ కలిపి చెప్పే ప్రయత్నం చేస్తున్నాం.

రోజుకు రెండు చూపులు

కోడి తన జబ్బును దాచుకుంటుంది. నీరసంగా కనిపించిన దాన్ని తోటి కోళ్లు పొడుస్తాయి, గద్ద కన్ను దాని మీదే పడుతుంది. అందుకే బాగా ముదిరేదాకా మామూలుగానే తిరుగుతుంది. తల వాల్చేసి తూగుతూ నిలబడిందంటే అప్పటికే జబ్బు ఒకటి రెండు రోజుల పాతది. ఆ ఒకటి రెండు రోజుల ముందు కనిపించే గుర్తులు పట్టుకోవాలి. దానికి చదువు అక్కర్లేదు, పొద్దున ఒకసారి, సందెవేళ ఒకసారి చూసే అలవాటు చాలు.

పొద్దున గంప ఎత్తగానే నూకలు చల్లి ఒక నిమిషం నిలబడండి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల పరిగెత్తుకొస్తుంది. ఏది చివర వచ్చింది? ఏది వచ్చినా రెండు గింజలు పొడిచి ఊరుకుంది? రెక్కలు కిందికి జార్చినదేది? ఎండలో కూడా ఈకలు ఉబ్బించుకొని బంతిలా ముడుచుకున్నదేది? కన్ను సగం మూసుకున్నదేది? వీటిలో ఏ రెండు గుర్తులు కనిపించినా ఆ పిల్లను చేతిలోకి తీసుకోవాలి.

చేతిలోకి తీసుకున్నాక నాలుగు చోట్ల చూడాలి. కళ్లు, ముక్కు తడిగా ఉన్నాయా, జిగురు కారుతోందా? ముడ్డి దగ్గర ఈకలకు రెట్ట అంటుకొని గట్టిపడిందా? రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగులుతోందా? తగిలితే పిల్ల కొన్నాళ్లుగా చిక్కిపోతోందన్న మాట. సందెవేళ అయితే మెడ కింది మేతసంచిని వేలితో తాకండి. రోజంతా తిన్న పిల్లకు అది నిండుగా, మెత్తగా ఉంటుంది. ఖాళీగా ఉంటే తినలేదు. రాయిలా గట్టిగా ఉంటే, పొద్దునకు కూడా కరగకపోతే, లోపల మేత అడ్డుపడింది.

రాత్రి గంప మూశాక ఒకసారి చెవి పెట్టి వినండి. పగటి గోలలో వినపడని గురక, తుమ్ము, గరగర శబ్దం రాత్రి నిశ్శబ్దంలో స్పష్టంగా వినిపిస్తాయి. ఊపిరితిత్తుల జబ్బు మొదట ఇలాగే తెలుస్తుంది.

చివరిది రెట్ట. గంప కింద పాత గోనెపట్టా గానీ కాగితం గానీ పరిచి ఉంచితే పొద్దున రంగు తెలుస్తుంది. ముదురు రంగులో గట్టిగా, పైన కాస్త తెల్లగా ఉంటే ఇబ్బంది లేదు. సున్నంలా తెల్లగా నీళ్లలా ఉన్నా, పచ్చగా ఉన్నా, ఎర్రగా నెత్తురు కలిసినా ఆ రోజే కదలాలి.

మొదటి రెండు వారాలు: సగం జబ్బులకు మందు వెచ్చదనమే

గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఒంటి మీద నూగు తప్ప ఈకలుండవు. తన ఒంటి వేడిని తాను కాపాడుకునే శక్తి దానికి రెండు మూడు వారాలదాకా రాదు. తల్లికోడి రెక్కల కింద ఉంటే సరే. పథకంలోనో సంతలోనో తెచ్చిన తల్లి లేని పిల్లలకు ఆ వెచ్చదనం మనమే ఇవ్వాలి. మొదటి వారం సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, ఆ తరువాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. థర్మామీటరు లేదని దిగులు పడనక్కర్లేదు, పిల్లలే చెబుతాయి. బల్బు కిందికి గుంపుగా చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి. బల్బుకు దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. ఒక మూలకే చేరితే రెండో వైపునుంచి గాలి కొడుతోంది. చుట్టూ పరుచుకొని తింటూ పడుకుంటూ ఉంటే సరిగ్గా ఉంది. కరెంటు పోయే చోట పాత దుప్పటి కప్పిన అట్టపెట్టె, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా రాత్రిని గట్టెక్కిస్తాయి. గాలి ఆడేందుకు సందు మాత్రం ఉంచాలి.

చలికి వణికిన పిల్ల తినదు, తాగదు. దాని రెట్ట ముడ్డి దగ్గర అంటుకొని దారి మూసుకుపోతుంది. దాన్ని లాగి పీకితే చర్మం ఊడుతుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో మెల్లగా నాననిచ్చి తుడిచి, ఆరబెట్టి, వెచ్చగా ఉంచితే చాలా పిల్లలు మరునాటికి తేరుకుంటాయి.

ఇదే వయసులో తెల్లటి విరేచనాలతో పిల్లలు వరసగా చనిపోతుంటే అది తెల్లపారుడు కావచ్చు. ఈ సూక్ష్మక్రిమి తల్లికోడి నుంచి గుడ్డు ద్వారానే పిల్లకు వస్తుంది. కాబట్టి ఏ కోడి గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు రెండు విడతలు ఇలా పోయాయో గుర్తుపెట్టుకొని, ఆ కోడి గుడ్లను మళ్లీ పొదగేయకూడదు. పుట్టిన పిల్ల బొడ్డు ఎర్రగా, తడిగా ఉండి పొట్ట ఉబ్బితే అది బొడ్డుకు పట్టిన చీము. పొదిగే చోటు మురికిగా ఉంటే ఇది వస్తుంది. పొదగేసే ముందు గంపను ఎండబెట్టి, కొత్త గడ్డి వేసి, శుభ్రమైన గుడ్లనే పెట్టడం దీనికి నివారణ.

మూడో వారం నుంచి: నెత్తుటి పారుడు

మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లల్ని ఎక్కువగా చంపేది కాక్సిడియోసిస్. రెట్టలో నెత్తురు పడటం వల్ల రక్తపారుడు అంటారు. పిల్ల ముడుచుకొని నిలబడుతుంది, తురాయి పాలిపోతుంది, నీళ్లు తాగుతుంది గానీ మేత ముట్టదు.

ఇది ఎలా వస్తుందో తెలిస్తే ఆపడం సులువు. జబ్బు పిల్ల రెట్టలో కంటికి కనపడని గుడ్లు పడతాయి. అవి పడిన వెంటనే హాని చేయవు. తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో పక్వానికి వచ్చి, మరో పిల్ల కడుపులో పడితే పేగును తింటాయి. అంటే రెట్టను రోజూ ఊడ్చేసి నేలను పొడిగా ఉంచితే జబ్బు గొలుసు తెగిపోతుంది. ఫినాయిలు చల్లితే ఈ గుడ్లు చావవు. వాటికి ఎండే శత్రువు. తడిసిన ఊకను, గడ్డిని తీసేసి బూడిద చల్లాలి. నీళ్ల మూకుడు ఒలకకుండా ఇటుక మీద పెట్టాలి. వాన పడిన వారం రోజులు మరీ జాగ్రత్తగా ఉండాలి.

దీనికి మందుంది. ఆంప్రోలియం పొడి పశువుల మందుల దుకాణంలో దొరుకుతుంది. 20 శాతం పొడి అయితే సాధారణంగా లీటరు నీటికి 1.2 గ్రాములు కలిపి 3 నుంచి 5 రోజులు తాగిస్తారు. పొడి బలం కంపెనీని బట్టి మారుతుంది కనుక ప్యాకెట్ మీది మోతాదును పశువైద్య సిబ్బందితో చదివించుకోవాలి. ఆ రోజుల్లో వేరే నీళ్లు పెట్టకూడదు. ఈ మందు పనిచేసేది విటమిన్ బి1ను అడ్డుకోవడం ద్వారా, అందుకే అదే సమయంలో బి-కాంప్లెక్స్ కలపకూడదు. నెత్తురు కనిపించిన రోజే మొదలుపెడితే గుంపు నిలబడుతుంది. ఒక పిల్లకు కనిపించినా అన్నింటికీ తాగించాలి.

ఈ వయసులోనే కళ్ల చుట్టూ, తురాయి మీద, ముక్కు దగ్గర బొబ్బలు లేచి పొక్కులు కడితే అది కోళ్ల మశూచి. వాడల్లో అమ్మవారు అంటారు. దీన్ని ఎక్కువగా మోసుకొచ్చేది దోమ. పొక్కుల్ని గిల్లకుండా, లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లతో తుడిచి, పసుపు వేపాకు ముద్ద పూయవచ్చు. కన్ను మూసుకుపోయిన పిల్ల జబ్బుతో కాదు, మేత కనపడక ఆకలితో చనిపోతుంది. దానికి నోటికి అందించి తినిపించాలి. నోటి లోపల, గొంతులో పసుపు తెల్ల పొరలు కడితే మాత్రం ప్రమాదం.

కారణం తెలియకుండా పాలిపోయి చిక్కిపోయే పిల్లల విషయంలో రాత్రిపూట టార్చి వేసి చూడండి. పగలు గోడ పగుళ్లలో దాక్కొని రాత్రి వచ్చి నెత్తురు తాగే పురుగులు మట్టిగోడల ఇళ్లలో ఎక్కువ. పగుళ్లు పూడ్చి సున్నం వేయడం, కోళ్లు పొర్లాడేందుకు పొడి మట్టి, బూడిద కలిపిన గుంట పెట్టడం చౌకైన మార్గాలు.

జబ్బు కనిపించిన మొదటి గంటలో

పుస్తకాల్లో ‘జబ్బు కోడిని వేరే షెడ్డులో ఉంచండి’ అని రాస్తారు. రెండు మూడు సెంట్లలో ఇల్లు, వాకిలి అన్నీ ఉన్న వాడలో వేరే షెడ్డు ఎక్కడిది? ఉన్నదాంతోనే చేద్దాం. వాకిలి చివర, గాలి మిగతా కోళ్ల మీదికి వీచని వైపు, చెట్టు కింద ఒక గంప బోర్లించి అందులో ఉంచండి. దానికి వేరే నీళ్ల చిప్ప పెట్టండి. ముందు బాగున్న పిల్లలకు మేత వేసి, ఆఖరున జబ్బు పిల్ల దగ్గరికి వెళ్లండి. తిరిగి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచాడు బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి చుక్కలు చుక్కలుగా ముక్కు పక్కన తాకించండి. పిల్ల తనంతట తాను మింగాలి. నోరు తెరిచి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మెత్తగా ఉడికిన నూకలు, ఉడికిన గుడ్డు సొన కొద్దిగా పెట్టండి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క పెట్టవద్దు. బూజులోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, టీకా వేసినా పట్టనివ్వదు.

చేయకూడనిది ఒకటుంది. మనుషులకు రాసిచ్చిన మాత్రల్లో మిగిలిన యాంటీబయాటిక్ క్యాప్సూల్ విప్పి కోళ్ల నీళ్లలో కలపడం చాలా ఇళ్లలో అలవాటు. వైరస్ జబ్బులకు అది పనిచేయదు. అరకొర మోతాదుకు చావని సూక్ష్మక్రిములు మొండివవుతాయి, రేపు మన బిడ్డలకు అదే మందు పనిచేయకుండా పోతుంది. కోళ్ల ఫారాల్లో విచ్చలవిడిగా వాడిన కొలిస్టిన్ అనే మందును మాంసం కోసం పెంచే జీవాలకు వాడకుండా కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది ఈ భయంతోనే. పెద్ద ఫారాలు చేసిన తప్పును చిన్న వాకిళ్లలో మనం చేయవద్దు.

మందు లేని తెగులు

పచ్చటి విరేచనాలు, నోరు తెరిచి మెడ చాచి ఊపిరి లాగడం, ఆ తరువాత రెక్క వాలిపోవడం, కాలు చచ్చుబడటం, మెడ వెనక్కి మెలితిరగడం. ఇవి కనిపిస్తే అది కొక్కెర తెగులు. శాస్త్రవేత్తలు రాణిఖేత్ వ్యాధి అంటారు. 1920ల చివర్లో మన దేశంలో దీన్ని కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించడంతో ఆ పేరు వచ్చింది. ప్రపంచమంతా న్యూకాజిల్ వ్యాధి అని పిలుస్తుంది. టీకా లేని గుంపులోకి వస్తే వారంలో వాడంతా ఊడ్చేస్తుంది.

దీనికి మందు లేదు. ఎవరైనా మందుందని డబ్బు తీసుకుంటే అది మోసం. ఉన్నది టీకా. ఐదు నుంచి ఏడు రోజుల పిల్లకు లసోటా టీకా ఒక చుక్క కంట్లో గానీ ముక్కులో గానీ వేయాలి. నాలుగో వారంలో మళ్లీ ఒకసారి. ఎనిమిదో వారంలో ఆర్2బి అనే టీకాను సూదితో అర మిల్లీలీటరు వేస్తారు. ఈ టీకా 1940లలో ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధనా సంస్థలో రూపొందింది. ఇది బలమైనది, ఆరు వారాల లోపు పిల్లలకు వేస్తే అదే జబ్బు తెస్తుంది. అందుకే వయసు తప్పకూడదు. ఆర్2బికి వారం ముందు కడుపులో పురుగుల మందు తాగిస్తే టీకా బాగా పడుతుంది. ఆరో వారంలో మశూచి టీకా వేయించుకోవచ్చు. ఏ టీకా అయినా ఆరోగ్యంగా ఉన్న కోళ్లకే. తెగులు వాకిట్లోకి వచ్చాక వేస్తే అప్పటికే వైరస్ చేరిన కోళ్లను అది కాపాడలేదు.

చిక్కు ఇక్కడే ఉంది. ఈ టీకా సీసాలో వంద కోళ్లకో, అంతకంటే ఎక్కువకో సరిపడే మందు ఉంటుంది. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కలిపిన తరువాత ఒకటి రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాల్సిందే. వెయ్యి కోళ్ల ఫారం యజమానికి ఇది సమస్య కాదు. ఎనిమిది పిల్లలున్న అమ్మకు ఈ సీసా ఎందుకు పనికొస్తుంది? ఆమె ఒక్కతే పశువైద్యశాలకు వెళితే ఎనిమిది కోళ్ల కోసం సీసా విప్పలేమని తిప్పి పంపుతారు. టీకా ఉంది, ధర తక్కువే, అయినా అందదు. టీకాను తయారుచేసినప్పుడు, పంచే పద్ధతి వేసినప్పుడు ఆమె ఎవరి లెక్కలోనూ లేదు. కోళ్ల చావును పేదల అజాగ్రత్తగా చెప్పే ప్రతిచోటా ఈ సీసా సంగతి గుర్తుచేయాలి.

దారి ఒకటే. ఇరవై ఇళ్లు కలిస్తే వంద కోళ్లవుతాయి. వాడ మొత్తానికి ఒక టీకా రోజు పెట్టుకోవాలి. తెల్లవారుజామున, కోళ్లు గంప కింద ఉండగానే, ఐసు వేసిన ఫ్లాస్కులో టీకా తెచ్చి ఇల్లిల్లూ తిరిగితే రెండు గంటల్లో పని అయిపోతుంది. కంట్లో చుక్క వేయడం ఒక పూటలో నేర్చుకోగల పని.

ఇది ఊహ కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో తయారైన, ఎండకు కొంత తట్టుకునే ఐ-2 టీకాను మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో నాలుగు నెలలకొకసారి గ్రామస్తులే, వారిలో చాలామంది ఆడవాళ్లు, ఇల్లిల్లూ తిరిగి కంటి చుక్కగా వేస్తున్నారు. మన దగ్గర ఆంత్ర సంస్థ తూర్పు గోదావరి ఆదివాసీ పల్లెల్లో పశు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చింది. మహిళా సంఘాల సభ్యుల్నే పశు సఖులుగా తయారుచేసే పద్ధతి దేశంలో ఇప్పటికే నడుస్తోంది. దుత్తలూరు వాడల్లో చదువుకున్న ఆడపిల్లలు లేరా? ఉన్నారు. శిక్షణ, ఐసు డబ్బా, గౌరవ వేతనం కావాలి.

ఒకేసారి రాలిపోతే: బర్డ్ ఫ్లూ

2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగొట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ వచ్చింది. భోపాల్‌లోని కేంద్ర ప్రయోగశాల నిర్ధారించింది. చుట్టుపక్కల చికెన్ దుకాణాలు మూసేశారు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప ఈ వైరస్‌తోనే చనిపోయింది. పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు వార్తలు వచ్చాయి.

గుర్తులు కొక్కెర తెగులుకు దగ్గరగానే ఉంటాయి. గబగబా, ఒకేసారి చాలా కోళ్లు చావడం, తురాయి, తమ్మెలు ఉబ్బి నీలంగా మారడం, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు కనిపిస్తే అనుమానించాలి. ఏదన్నది కంటితో తేల్చలేం, ప్రయోగశాలే చెప్పాలి. కాబట్టి ఒకే రోజు రెండు మూడు కోళ్లు చస్తే వెంటనే కబురు పెట్టండి.

మనలో మనం ఒక కష్టమైన మాట మాట్లాడుకోవాలి. తూగుతున్న కోడిని చచ్చేలోపు కోసుకు తినడం పేద ఇళ్లలో మామూలు. నెలల తరబడి పెంచిన కోడిని మట్టిలో పూడ్చమని చెప్పడం తేలిక, పూడ్చడం తేలిక కాదు. అయినా చెబుతున్నాం. ఎక్కువ ప్రమాదం ఉడికిన కూరలో కాదు, కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడు చేతికంటే నెత్తురులో, పక్కనే కూర్చొని చూసే చంటిపిల్లల్లో ఉంది. ఆ ఈకలు, పేగులు దిబ్బ మీద పడేస్తే కుక్కలు, కాకులు వాడంతా పంచుతాయి. చచ్చిన కోడిని చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కొని పట్టుకొని, లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చండి. అగ్గువకు వస్తున్నాయని జబ్బు గుంపులోంచి అమ్మే కోళ్లను కొనవద్దు. సంతలో తెచ్చిన కోడిని రెండు వారాలు విడిగా ఉంచాకే గుంపులో కలపండి.

ఫారం యజమానులు చచ్చిన కోళ్లను ఊరి బయట పారేస్తే ఊరుకోవద్దు. ఊరి బయట అంటే చాలాచోట్ల మన వాడ పక్కనే. చచ్చిన పశువును ఎత్తే పనిని తరతరాలుగా మన నెత్తిన పెట్టిన కులవ్యవస్థ, ఇప్పుడు చచ్చిన కోళ్ల జబ్బునూ మన వాకిట్లో పడేయకుండా చూసుకోవాలి. చేతొడుగులు, ముసుగు లేకుండా కూలికి పిలిచి చచ్చిన కోళ్లను ఎత్తమంటే కాదనే హక్కు మనకుంది.

పరిహారం సంగతి కూడా తెలియాలి. బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయ్యాక ప్రభుత్వం చంపించే కోళ్లకు పరిహారం ఇస్తారు, పెరటి కోళ్లకు కూడా. అంతకుముందే చచ్చిన వాటికి ఇవ్వరు. అందుకే చావు మొదలైన రోజే తేదీ, సంఖ్య వేసి కాగితం మీద రాసి ఇవ్వడం, ఫొటో తీసి ఉంచడం అవసరం. ఆలస్యంగా తెలిపితే జబ్బు పెరుగుతుంది, పరిహారమూ పోతుంది.

అడగాల్సినవి

2019 పశుగణన ప్రకారం దేశంలో 85 కోట్ల కోళ్లుంటే అందులో సుమారు 31.7 కోట్లు పెరటివి. 2012తో పోలిస్తే పెరటి కోళ్లు 45 శాతానికి పైగా పెరిగాయి. కోళ్ల సంఖ్యలో తమిళనాడు తరువాత స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఇంత సంపదను సాకుతున్న ఆడవాళ్లు పశుసంవర్ధక శాఖ దృష్టిలో ఇంకా రైతులు కారు. పశువైద్య శిబిరం ఊళ్లో గేదెల కోసం పెడతారు. వాడ నుంచి గంప నెత్తిన పెట్టుకొని అక్కడికి పోయి, అందరి పని అయ్యేదాకా దూరంగా నిలబడాలి. చాలామంది పోవడమే మానుకున్నారు.

2009లో వచ్చిన జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం రాణిఖేత్, బర్డ్ ఫ్లూ వంటి జబ్బులు కనిపిస్తే యజమాని తెలియజేయాలి. తెలియజేసిన తరువాత పశువైద్యాధికారి స్పందించడం దయ కాదు, విధి. ఎస్సీ ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది, 2023లో దాని కాలం మరో పదేళ్లు పొడిగించారు. ఆ నిధులతో కోడిపిల్లల్ని పంచి ఫొటో దిగి వెళ్లిపోతే సరిపోదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి జాతులు మంచివే. అయితే ఏ జాతి పిల్లనైనా టీకా లేకుండా వాడలోకి పంపితే రెండు నెలల్లో దిబ్బకే చేరుతుంది. పిల్లతోపాటు టీకా కార్డు, మరుసటి టీకా తేదీ, వేసే మనిషి పేరు కూడా రావాలి.

వాడ తరఫున పెట్టాల్సిన అర్జీలో నాలుగు మాటలు చాలు. ఏడాదికి కనీసం మూడుసార్లు వాడలోనే టీకా రోజు పెట్టాలి. ప్రతి వాడ నుంచి ఒక మహిళకు శిక్షణ, ఐసు డబ్బా, వేతనం ఇవ్వాలి. తెగులు కబురు అందిన రోజే నమూనా తీయాలి. టీకా వేసిన కోళ్ల లెక్కను గ్రామసభలో చదివి వినిపించాలి. అర్జీ నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. అత్యవసరమైతే సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది, ఫోను చేయడానికి డబ్బు పడదు. వాహనం గేదెలకే అంటే నమ్మవద్దు. ఫోను చేసిన సమయం రాసిపెట్టుకోండి.

ఈలోగా రేపు పొద్దున గంప ఎత్తినప్పుడు నూకలు చల్లి ఒక నిమిషం నిలబడండి. ఏది చివర వచ్చిందో చూడండి. పక్కింటి అక్కనూ చూడమనండి. ఇరవై ఇళ్ల లెక్క ఒక కాగితం మీదికి చేరితే టీకా సీసా విప్పడానికి కోళ్లు చాలవని ఎవరూ అనలేరు.